ఆవలి ఒడ్డున కట్టిన కొమ్మ

బాలకృష్ణ రాసిన అక్షరం చూసి ముచ్చటపడని వాళ్లెవరైనా ఖమ్మం జిల్లాలో ఉంటే, వాళ్లకు కళ్లు లేవని అతని నమ్మకం. మనిషికి అంత పొగరు ఉండకూడదు గానీ, ఉంది. దాచడం ఎందుకు? తిరుమలాయపాలెం పక్కన తండాలో పుట్టి, పదో తరగతి తప్పి, ఖమ్మంలో ఒక పెయింటరు దగ్గర ఎనిమిదేళ్లు రంగు డబ్బాలు కడిగి నేర్చుకున్న విద్య అది. ఫ్లెక్సీలు వచ్చి సైన్‌బోర్డులు రాసే వాళ్లందరి పొట్ట కొట్టాయి. తోటి పెయింటర్లు ఒకడు ఆటో కొన్నాడు, ఇంకొకడు గోడలకు సున్నం వేసుకుంటున్నాడు. ఇతను మాత్రం బ్రష్షు వదల్లేదు. "మిషన్‌కు అక్షరం గుద్దుడు తెలుసు, రాసుడు తెల్వది" అని, ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు.

అలాంటి వాడికి నలభై ఐదో ఏట మంచి పని దొరికింది. పినపాక మండలంలోని అడవి పల్లెల్లో, వాగులు దాటే చోట హెచ్చరిక బోర్డులు పెట్టాలని ఒక సంస్థ వాళ్లు అనుకున్నారు. ఎండకూ వానకూ ఫ్లెక్సీ ఆగదు, రేకు మీద చేత్తో రాసేవాడు కావాలన్నారు. ఆ పని చూసే ఉదయ్ భాస్కర్ సారు బాలకృష్ణను పిలిపించి, "ముందు ఒక్క ఊర్ల పెట్టి ఫోటో పంపు. పైవాళ్లకు నచ్చితే మిగిలిన పన్నెండు ఊళ్లు నీయే" అన్నాడు. బాలకృష్ణ ఎగిరి గంతేసినంత పని చేశాడు. మణుగూరులో ఒక గది కిరాయికి తీసుకుని రేకులూ డబ్బాలూ చేర్చాడు.

మొదటి ఊరు రేలగుంపు. ముప్పై గడపల కోయగూడెం. పినపాక నుంచి వచ్చే దారికీ ఊరికీ మధ్యన రాళ్లవాగు ఉంది. దాని మీద వంతెన లేదు, చప్టా ఉంది, అంటే వాగు అడుగున సిమెంటు పోసిన బాట. మామూలు రోజుల్లో నీళ్లు పాదాలు తడుపుతాయి. పైన అడవిలో వాన పడితే గంటలో నడుము దాకా వస్తాయి.

కొలతలు తీసుకోవడానికి వెళ్లిన రోజున అక్కడ ఎర్రమ్మ కనిపించింది. డెబ్బై దాటిన మనిషి. ఒక కంటికి భద్రాచలం దవాఖానాలో శుక్లం తీశారు, రెండోది ఇంకా తీయించుకోలేదు. వాగుకు కాపలా కాసే పని ఆమె ఇంటిది. వాళ్ల అత్త చేసింది, అంతకు ముందు అత్తకు అత్త చేసింది. బోర్డు పెడతానని ఇతను చెబితే ఆమె సంతోషించి, తన పద్ధతి కూడా చూపించింది. చప్టాకు రెండు ఒడ్లనా రెండేసి గుంజలు పాతి ఉన్నాయి.

"ఒక కొమ్మ వాలుగ కడితే, సూసుకుంట నడువుమని. రెండు కొమ్మలు అడ్డంగ కడితే, అడుగు పెట్టొద్దని. ఏం లేకపోతే, పొమ్మని. ముందు ఆవలి ఒడ్డుకు వోయి కట్టొస్త, ఎన్కకొచ్చి ఈవలి ఒడ్డున కడ్త. మబ్బును సూసి, నీళ్ల రంగు సూసి ముందుగాల్నే కట్టాలె బిడ్డా. నీళ్లొచ్చినంక కట్టేదేముంది?"

"మంచిగున్నది అవ్వా" అన్నాడు బాలకృష్ణ. లోపల మాత్రం, చదువు రాని వాళ్ల తంటాలు ఇలాగే ఉంటాయి, నా బోర్డు పడితే ఈ కొమ్మలూ గిమ్మలూ అక్కర్లేదు అనుకున్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి. తెలియక చేశాడని రేపు ఎవరైనా అతని తరఫున వకాల్తా పుచ్చుకుంటే నేను ఒప్పుకోను. అతనికి తెలుసు.

బోర్డు రాయడానికి ఐదు రోజులు పట్టింది. పసుపు మీద నలుపు. 'వాగు ఉధృతంగా ప్రవహించు సమయమున దాటరాదు.' అక్షరాలకు ఎర్రటి నీడ వేశాడు, కొమ్ములు మెలి తిప్పాడు, సున్నాలను ముత్యాల్లా దిద్దాడు. కింద సంస్థ పేరు. ఆవలి ఒడ్డున, అంటే పినపాక వైపున, జూలైలో ఒక మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చినప్పుడు దాన్ని తను కొత్తగా పాతిన గుంజలకు బిగించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. కడుపు నిండిపోయింది. ఫోను తీశాడు.

ఫోటోలో కొమ్మలు అడ్డం వచ్చాయి.

బోర్డుకు సరిగ్గా ముందు, ఎర్రమ్మ గుంజలకు రెండు తునికి కొమ్మలు అడ్డంగా కట్టి ఉన్నాయి. పొద్దున ఎప్పుడో కట్టి పోయింది. ఎటు నుంచి తీసినా ఆకులు 'దాటరాదు' అన్న మాట మీద పడుతున్నాయి. ఉదయ్ భాస్కర్ సారు మరీ మరీ చెప్పాడు, ఫోటోలో బోర్డు తప్ప ఇంకేమీ కనపడొద్దని. బాలకృష్ణ వాగు వైపు చూశాడు. చీలమండ లోతు నీళ్లు. ఈ నీళ్లకు ఇంత హడావుడా, ముసలామె చాదస్తం కాకపోతే అనుకున్నాడు. నార ముడి విప్పి, కొమ్మల్ని వాగులోకి విసిరేశాడు. అవి తేలుతూ పోయాయి. ఐదారు ఫోటోలు తీశాడు.

సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి పంపగానే సారు ఫోను చేశాడు. "అదరగొట్టినవ్ బాలకృష్ణా! అక్షరాలా అవి, నగలా?" అన్నాడు. ఆ మాటకు మనవాడు పొంగిపోయాడు. అంతలో చినుకులు మొదలయ్యాయి. బండి దగ్గరికి వచ్చాడు. కొమ్మలు తిరిగి కట్టాలని గుర్తుందా? ఉంది. అబద్ధం ఎందుకు, బండి స్టార్టు చేస్తూ ఒకసారి వెనక్కి తిరిగి ఉత్త గుంజలను చూశాడు కూడా. కొత్త కొమ్మలు కొట్టాలి, నార వెతకాలి, తడవాలి. ఇంత పెద్ద బోర్డు ఉండగా ఇంకా కొమ్మలెందుకులే అని గేరు వేశాడు.

మూడో రోజు ఈవలి ఒడ్డు బోర్డు తీసుకుని వెళ్తే, ఊరంతా ముత్యాలు ఇంటి ముందు ఉంది. ముత్యాలు ఆ ఊరివాడే, ఇంటర్ దాకా చదివి, మిరప తోట చేసుకుంటున్నాడు. బోర్డు పెట్టిన రోజు, కొమ్మలు ఇంకా కట్టని తెల్లవారుజామున భార్య కళావతిని బండి మీద ఎక్కించుకుని పినపాక సంతకు పోయి, సాయంత్రం తిరిగి వస్తూ వాగులో దిగాడు. సగం దూరం వచ్చేసరికి పై నుంచి నీళ్లు తోసుకొచ్చాయి. కళావతికి తుప్ప దొరికింది. ముత్యాలు బండితో సహా కొట్టుకుపోయి రాళ్ల మధ్యన ఇరుక్కున్నాడు. ప్రాణం దక్కింది గానీ కుడి కాలు రెండు చోట్ల విరిగింది. భద్రాచలంలో రాడ్డు వేశారట. మళ్లీ దున్నగలడో లేదో డాక్టర్లు చెప్పలేదట.

బాలకృష్ణకు ఉత్త గుంజలు గుర్తొచ్చాయి. అయినా ముందు నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? "బోర్డు సూడలేదా?"

చేతులంతా గీరుకుపోయిన కళావతి అతని వైపు తిరిగింది. "వానల ఏం కనపడ్తదన్నా? పసుపు పచ్చగ రేకొకటి నిలబడ్డది. మా ఆయనకు సదువొచ్చు, రాకనా? కొమ్మ ఉన్నదా లేదా అని సూసిండు. లేదు. దిగిండు. మేం పుట్టిన కాన్నుంచి గట్లనే దిగుతున్నం."

గోడవారన ఎర్రమ్మ కూచుని ఉంది. ఆమె ముందు ఊరి పెద్ద దూలయ్య. ఈవలి ఒడ్డున కొమ్మలు కట్టే ఉన్నాయి, అందరూ చూశారు. ఆవలి ఒడ్డున లేవు. అంటే ఎర్రమ్మ వాగు దాటి పోనేలేదు, వయసు మీద పడి ఒకటి కట్టి రెండోది మరిచిపోయింది అని ఊరు అనుకుంటోంది. "కట్టిన్నయ్యా. పొద్దుగాలనే పోయి కట్టొచ్చిన" అని ఆమె అంటోంది. గొంతులో మాత్రం ఇదివరకటి గట్టితనం లేదు.

దూలయ్య బాలకృష్ణను చూసి, "ఇగో, పెయింటర్ సారు ఆ దినం ఆవలి ఒడ్డునే ఉన్నడు. ఈయన్నే అడుగుదాం" అన్నాడు.

అందరి కళ్లూ అతని మీద పడ్డాయి. ఎర్రమ్మ చేయి నేలకు ఆనించి లేచి దగ్గరికి వచ్చింది. మంచి కన్ను అతని ముఖం మీదే ఉంది.

"నువ్వొచ్చినప్పుడు కొమ్మలున్నయా బిడ్డా?"

చెప్పాలి. అప్పుడు చెప్పాలి. ముత్యాలు కాలు, పన్నెండు ఊళ్ల బోర్డులు, పోలీసులు, తండాలో పరువు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి.

"నేను సూడలే అవ్వా."

ఎంత తెలివి! 'లేవు' అనలేదు, 'చూడలే' అన్నాడు. తర్వాత చాలా రోజులు ఆ ఒక్క మాటను పట్టుకుని తనను తాను సమాధానపరచుకోబోయాడు. కుదరలేదు. విన్నవాళ్లకు అర్థమైంది ఒక్కటే.

ఎర్రమ్మ ఆ మాట వింది. రెండు చేతులూ ఎత్తి, గాలిలో నార చుట్టినట్టు వేళ్లు తిప్పి చూసుకుంది. "నాకైతే కట్టినట్టే యాది ఉన్నది" అని గొణిగింది. తర్వాత తల దించి, "అయితే కట్టలేదేమో. సదువుకున్నోడు అబద్దమెందుకు చెప్తడు? నేనే మరిచిన. తప్పు నాదే" అంది.

ఎవరూ ఆమెను తిట్టలేదు. అదే ఇంకా అధ్వాన్నం. దూలయ్య మెల్లగా, "ఇగ నీతోని కాదులే పెద్దమ్మా, నువ్వు ఇంటి కాడ ఉండు" అన్నాడు. బాలకృష్ణ ఆ రోజు బోర్డు బిగిస్తూ నాలుగు బోల్టులు వాగులో పడేసుకున్నాడు.

పదిహేను రోజులు గడిచాయి. పన్నెండు ఊళ్ల పనీ వచ్చింది. సంస్థ వాళ్లు ఆ ఫోటోను పెద్దది చేసి ఆఫీసులో పెట్టారట. సారు దాన్ని మళ్లీ వాట్సాప్‌లో పంపి చప్పట్ల బొమ్మలు పెట్టాడు. బాలకృష్ణ ఫోటోను పెద్దది చేసి చూశాడు. ఎడమ వైపు గుంజకు ఒక నార పోగు అంటుకుని ఉంది. ప్రపంచంలో ఎవరికీ కనపడదు అది. అతనికి అది తప్ప ఇంకేమీ కనపడలేదు. ఫోను బోర్లా పెట్టేసి అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

ఆదివారం ఇంటికి వచ్చాడు. భార్య హేమలత తల్లాడ దగ్గర బడిలో సైన్సు టీచరు. సైన్స్ ఫెయిర్ కోసం పిల్లలతో ఏదో తయారు చేయిస్తోంది, రెండు పలకలు ముందేసుకుని కూచుంది.

"ఇటు రాండ్రి, మీ లైను పనే ఇది" అని పిలిచింది. రెండు పలకల మీదా ఒకే గుడిసె బొమ్మ గీసింది. మొదటి దాంట్లో గీతల నడిమి భాగాలు తుడిచేసి మూలలు ఉంచింది. రెండో దాంట్లో మూలలు తుడిచేసి గీతలు ఉంచింది. "ఏది గుడిసె?"

మొదటిది ఇట్టే తెలిసిపోతోంది. రెండోది ఉత్త పుల్లల్లా ఉంది. "ఇదే" అని మొదటి దాన్ని చూపించాడు.

"సూసిన్రా? కన్ను గీతను పట్టుకోదు. గీతా గీతా కలిసే కాడ పట్టుకుంటది. కొమ్మకు కొమ్మ అడ్డం పడ్డ కాడ, గుట్ట నేలను తాకిన కాడ. అడివిల బతికినప్పుడు అలవాటైంది మన కంటికి. తర్వాత ఏ దేశపోళ్లు రాత కనిపెట్టినా కన్ను అదే కదా, అందుకే అక్షరాలల్ల అవే కలయికలు ఎక్కువున్నయట. రెండు గీతలు, మూడు గీతలు, అంతే. అంతకంటే ఎక్కువైతే కన్ను అలిసిపోతది."

"మనయి గుండ్రంగ ఉంటయి కదా?" అన్నాడు, వృత్తి గుర్తొచ్చి.

"అది తాటాకు చేసిన పని అంటరు. గంటంతోని అడ్డగీత గీస్తే ఆకు చీలేదట, అందుకని చెయ్యి తిరిగింది. దగ్గర కూసోని చదువుకుంటే మనయంత అందమైనవి ఉండయి. దూరంకెల్లి, వానల, బండి మీదకెల్లి సూడాల్నంటే కష్టమే." ఆమె మామూలుగానే చెబుతోంది. ఎక్కడ పొడుస్తోందో ఆమెకేం తెలుసు? "ఇంకోటి. ఎన్కకు తిరగకుండ చెప్పండ్రి, మీ ఎనక గోడ మీద ఏమున్నది?"

అతనికి గుర్తు రాలేదు. తిరిగి చూస్తే, ఉగాది నుంచి వేలాడుతున్న క్యాలెండర్.

"ఎప్పుడూ ఉండేదాన్ని కన్ను వదిలేస్తది. కొత్తగ వచ్చినదాన్ని, ఉండి పోయినదాన్ని పట్టుకుంటది."

బాలకృష్ణ రెండు పలకలూ చేతిలోకి తీసుకుని మళ్లీ చూశాడు. చివరికి, "రెండు కొమ్మలు అడ్డంగ కట్టిన్రనుకో. దారి మీద. అదేంది మరి?" అని అడిగాడు.

"రాతే గదా" అంది హేమలత, అడగడమే వింతగా ఉన్నట్టు. "పలక మీద రాసిందే రాతనా? సూడంగనే అందరికి ఒక్కటే అర్థమైతే అది రాత కాకపోతే మరేంది? ఎవరు కట్టిన్రో గానీ మంచి తెలివి గల్లోళ్లు."

అతనికి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లుగా అక్షరమే తన కులదైవమని చెప్పుకు తిరిగిన వాడు, తన కంటే బాగా రాసిన మనిషి రాతను ఫోటో కోసం వాగులో విసిరేశాడు. విసిరేసింది చాలక, రాసినామె చేతనే రాయలేదని అనిపించాడు. హేమలత ముందు కూచోలేక బయటికి వచ్చేశాడు. ఆమె వెనకాలే వచ్చి ఏమైందని అడిగింది. ముందు ఏం లేదన్నాడు. తర్వాత గొడ్ల కొట్టం పక్కన నిలబడి అంతా చెప్పాడు. ఆమె మొదటిసారి అతన్ని పరాయివాణ్ని చూసినట్టు చూసింది.

"నాకు చెప్పి ఏం లాభం? పోయి ఆమెకు చెప్పు" అంది. అప్పటిదాకా ఉన్న 'మీరు' ఆ మాటలో లేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు. రేలగుంపు చేరేసరికి మధ్యాహ్నమైంది. ముత్యాలు ఇంటికి వచ్చేశాడు, కట్టు కట్టిన కాలు మంచం మీద చాపుకుని ఉన్నాడు. ఎర్రమ్మనూ దూలయ్యనూ పిలిపించమని బాలకృష్ణ అడిగాడు. పనుల మీద ఉన్నవాళ్లు కూడా ఏదో విశేషమనుకుని వచ్చారు. వాళ్లందరి ముందూ నిలబడి చెప్పాడు. కొమ్మలున్నాయి, నేనే తీసేశాను, ఫోటో కోసం. వాగులో పారేశాను. తిరిగి కట్టలేదు. మీరు అడిగినప్పుడు అబద్ధమాడాను. చెప్పడానికి అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

కళావతి చేతిలోని చెంబు విసిరింది. అది తగల్లేదు, తగిలితే బాగుండుననిపించింది. "రేకు ముక్క కోసం నా మొగని కాలు తీసినవ్ కదరా!" అని ఆమె ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది. ముత్యాలు అరవలేదు. కాలు వైపు చూసుకుంటూ అడిగాడు.

"అవేందో నీకు తెల్వదా?"

"తెలుసు. అవ్వ ముందే చెప్పింది."

"తెలిసి తీసినవా?"

"అవ్."

ముత్యాలు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఎర్రమ్మ మాత్రం దగ్గరికి వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు, ఆత్రం ఉంది. "ఏ కొమ్మలు బిడ్డా?" అని అడిగింది.

"తునికి కొమ్మలు."

"నార ఎన్ని సుట్లున్నది? సక్కగ యాది చేసుకో."

"మూడు. మూడు చుట్లు చుట్టి లోపలికి మడిచి ఉన్నది."

"మూడు" అంది ఎర్రమ్మ. "లోపటికి మడిచి. అవ్, అది నా ముడే. కట్టిన! నేను కట్టిన!" పక్కనున్న ఆడవాళ్ల చేతులు పట్టుకుని ఊపేసింది. పిచ్చిదాన్ని కాలేదు, నా తలకాయ మంచిగనే ఉన్నది అని అందరికీ చెప్పింది. నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కిందికి కూలబడి ఏడ్చింది. అందరూ చుట్టూ చేరారు. బాలకృష్ణ ఒక్కడే మిగిలాడు, ఎటు చూడాలో తెలియక తన చెప్పుల వైపు చూసుకుంటూ.

ఆమె తేరుకున్నాక దూలయ్య గొంతు సవరించుకుని, "తప్పు మాది పెద్దమ్మా. రేపటి కాన్నుంచి వాగు మళ్ల నీదే" అన్నాడు.

ఎర్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తల అడ్డంగా ఊపింది.

"వద్దు. కళావతికి ఇయ్యుండ్రి. నేర్పిస్త."

"ఎందుకే? నువ్వు మరువలేదని తెలిసె కదా?"

"ఇప్పుడు తెలిసింది. ఈ పదిహేను దినాలు తెల్వలే కదా. పొయ్యి ఆర్పినంక మళ్ల పోయి సూసుడు. తడక ఏసినంక లేసి సూసుడు. కోళ్లను లెక్కవెట్టి, మళ్ల లెక్కవెట్టి. ఇగ అది పోదు నాకు. కట్టిన కొమ్మను కట్టిన్నా లేదా అని నేనే అనుమానపడితే, దాన్ని నమ్మి మీరెట్ల దిగుతరు వాగుల?"

బాలకృష్ణ ముందుకు వచ్చి ఆమె కాళ్ల దగ్గర వంగాడు. తప్పయింది అవ్వా, మాఫ్ చెయ్యి అన్నాడు.

ఎర్రమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు.

"కొమ్మలు తీసిన దానికైతే మాఫ్ చేస్తుంటి బిడ్డా. నేను నా యాదిని కాదని నీ మాట నమ్మిన. దానికేం చెయ్యాలె?"

అని కళావతి కోసం లోపలికి వెళ్లింది.